డెమ్మీ 1/8: పుట కొలత వెనుక చరిత్ర

తెలుగులో ఒక చిన్న పుస్తకాన్ని కంప్యూటరులో కూర్చబోయేవారికి అక్షరాలకంటే ముందు ఎదురయ్యేది పుట కొలత. పేజ్‌మేకరు కానివ్వండి, ఇన్‌డిజైను కానివ్వండి, స్క్రైబస్ కానివ్వండి, కొత్త ఫైలు తెరవగానే ఒక పట్టిక చూపించి అందులోనుంచి ఎంచుకొమ్మంటుంది. ఏ4 ఉంటుంది, ఏ5 ఉంటుంది, లెటరు, లీగలు ఉంటాయి. మన అలమరల్లోని తెలుగు పుస్తకాలు ఎక్కువభాగం ఏ కొలతలో అచ్చయ్యాయో ఆ డెమ్మీ 1/8 మాత్రం ఆ పేరుతో కనబడదు. "కస్టమ్" అన్న గడిలో అంకెలు మనమే నింపుకోవాలి.

అక్కడినుంచి తిప్పలు మొదలవుతాయి. తెరమీద అంతా సవ్యంగానే ఉంటుంది. తీరా అచ్చుకిచ్చాక పుట చిక్కిపోయి వస్తుంది. లేదా అంచు తెగి వస్తుంది. లేదా కాగితం రెండోవైపు తలకిందులై వస్తుంది. ప్రింటరును తిట్టేవారు కొందరు, సాఫ్టువేరును తిట్టేవారు కొందరు. నేను మాత్రం ఈ చిక్కును చరిత్రగా చదవవచ్చునంటాను. మూడు వేరువేరు కాలాలలో, మూడు వేరువేరు దేశాలలో, మూడు వేరువేరు అవసరాలకు పుట్టిన కొలతలు ఈ ఒక్క గడి దగ్గర ఢీకొంటున్నాయి. ఏ కొలత ఎక్కడిదో తెలిస్తే తిప్పలు సగం తీరుతాయి.

*

పుట కొలతను నిర్ణయించే స్వేచ్ఛ గ్రంథకర్తకు ఏ కాలంలోనూ పూర్తిగా లేదు. తాళపత్రం మీద రాసినన్నాళ్ళూ ఆ నిర్ణయం చెట్టుది. తాటాకు ఎంత వెడల్పుంటే అన్ని పంక్తులు. శ్రీతాళం కాస్త విశాలం గనుక మరికొన్ని పంక్తులు. పద్యాన్ని పాదాలుగా విడగొట్టి రాసే విలాసం అక్కడ లేదు. ఆకు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఏకధాటిగా రాసుకుపోవడమే.

కాగితం వచ్చాక ఆ నిర్ణయం కాగితం చేసేవాడి చేతులకు దక్కింది. చేతితో కాగితం చేసే రోజుల్లో, నారగుజ్జు కలిపిన నీటి తొట్టిలో చట్రాన్ని ముంచి పైకి లేపాలి. మనిషి రెండు చేతులతో పట్టుకుని, నీళ్ళ బరువుతో సహా ఎత్తగలిగినంతే చట్రం. చట్రం ఎంతో కాగితమంత. యూరపులో ఈ కొలతలకు కట్టుబాటు చేసిన తొలి ఆధారాలలో ఒకటి ఇటలీలోని బొలోన్యా నగరపు రాతిఫలకం. 1389 ప్రాంతానికి చెందిన ఆ రాతిమీద నాలుగు కాగితపు కొలతలు గీతలుగా చెక్కి ఉన్నాయి. అన్నిటికంటే పెద్దదాని పేరు ఇంపీరియల్, దాని తరువాతది రాయల్. ఆరు శతాబ్దాల తరువాత కూడా మన అచ్చాఫీసుల్లో రాయల్ సైజు అన్న మాట వినబడుతోందంటే ఆ పేర్ల ఆయుష్షు ఎంతటిదో చూడండి.

మిగిలిన పేర్లూ ఇలాంటివే. కాగితాన్ని వెలుతురుకెత్తి చూస్తే లోపల కనిపించే నీటిగుర్తు కిరీటమైతే అది క్రౌను. విదూషకుడి కుళ్ళాయి అయితే ఫూల్‌స్కేప్. మనం బడిలో పరీక్షలు రాసిన "పుల్‌స్కేప్ కాగితం" అదే. డెమ్మీ అనేది ఫ్రెంచిలో సగం అనే అర్థమున్న మాటనుంచి వచ్చింది. ఇంగ్లండులో స్థిరపడిన ముద్రణ డెమ్మీ కాగితం 17.5 × 22.5 అంగుళాలు, క్రౌను 15 × 20 అంగుళాలు.

ఇప్పుడు మడత పెట్టి చూద్దాం. డెమ్మీ కాగితాన్ని ఒకసారి మడిస్తే 11.25 × 17.5. రెండోసారి మడిస్తే 8.75 × 11.25. మూడోసారి మడిస్తే 5.625 × 8.75. మూడు మడతలకు ఎనిమిది ఆకులు, పదహారు పుటలు. అందుకే 1/8 అంటున్నాం. ఆ పదహారు పుటల మొత్తమే మన ముద్రాపకులు చెప్పే ఒక "ఫారం". వెన్ను దగ్గర కుట్టాక మిగిలిన మూడు వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున కోత పడుతుంది. పైనా కిందా కలిపి పావు అంగుళం పోతే 8.5, ముందువైపు ఎనిమిదో వంతు పోతే 5.5. ఇంతకీ మన "5.5 × 8.5" అంకె పుట్టుక ఇదీ. చట్రం పట్టిన చేతులు, మూడు మడతలు, మూడు కోతలు కలిస్తే ఆ కొలత వచ్చింది.

యంత్రంమీద కాగితం చేసే పద్ధతికి ఫ్రాన్సులో నికొలా లూయీ రొబేర్ 1799లో పేటెంటు పొందాడు. ఇంగ్లండులో ఫోర్డ్రినియర్ సోదరుల పెట్టుబడితో 1803 నాటికి ఆ యంత్రం పనిచేసింది. ఇక చట్రమూ లేదు, మోసే చేతులూ లేవు. ఎంత పొడవు కావాలంటే అంత చుట్ట. అయినా కొలతలు మారలేదు. అప్పటికే అచ్చుయంత్రాలు, ఫారం బిగించే ఇనుప చట్రాలు, కోత కత్తులు, ధరల పట్టికలు అన్నీ పాత కొలతలకు అమరి ఉన్నాయి. కారణం పోయినా కార్యం నిలిచింది. అవే కొలతలు ఇంగ్లీషు కాగితంతో, ఇంగ్లీషు యంత్రాలతో మద్రాసుకు వచ్చాయి. తెలుగు ముద్రణకు మద్రాసు పెద్ద కేంద్రం గనుక మన పుస్తకానికీ అవే ప్రమాణాలయ్యాయి. నేటి ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో విరివిగా వాడే 23 × 36 అంగుళాల కాగితాన్ని నాలుగు నిలువు, నాలుగు అడ్డంగా పంచి చూడండి: ఒక్కో ఆకు 5.75 × 9. కోత పోగా మళ్ళీ అదే 5.5 × 8.5.

*

రెండో చరిత్ర జర్మనీది. గియోర్గ్ క్రిస్టోఫ్ లిక్టెన్‌బెర్గ్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 1786 అక్టోబరు 25న యొహాన్ బెక్‌మాన్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఒక ముచ్చట చెప్పాడు. కాగితపు పొడవు, వెడల్పుల నిష్పత్తి రెండుకు వర్గమూలం, అంటే 1.414 అయితే, దాన్ని సగానికి మడిచినా ఆకారం మారదు. పెద్దదానికి ఏ రూపమో చిన్నదానికీ అదే రూపం. ఫ్రాన్సులో 1798 నాటి స్టాంపు కాగితాల చట్టంలో ఇదే నిష్పత్తిగల కొలతలు కొన్ని కనబడతాయి గాని, నిలదొక్కుకోలేదు. ఆ ఊహను సంపూర్ణమైన పద్ధతిగా మలచినవాడు వాల్టర్ పోర్స్ట్‌మాన్. 1922లో వెలువడిన డిన్ 476 అనే జర్మన్ ప్రమాణం ఆయన కృషి ఫలితం. వైశాల్యం సరిగ్గా ఒక చదరపు మీటరు ఉండేది ఏ0. దానిని సగం చేస్తూ పోతే నాలుగోసారికి ఏ4, అంటే 210 × 297 మిల్లీమీటర్లు. ఏ5 అంటే 148 × 210. ఇది 1975లో ఐఎస్ఓ 216 పేరిట అంతర్జాతీయ ప్రమాణమయింది. మన దేశం అంతకుముందే, మెట్రిక్ పద్ధతికి మారుతున్న కాలంలోనే, 1957లో దీనిని స్వీకరించింది.

ఆఫీసు కాగితం మారింది; పుస్తకం మారలేదు. ఎందుకు మారాలి? జిరాక్సులో పెద్దది చేసుకోవడం, చిన్నది చేసుకోవడం ఆఫీసుకు నిత్యావసరం. పుస్తకానికి కావలసింది చేతిలో ఇమడడం, కంటికి ఆనడం. పాత కాగితాల్లో మడతమడతకూ ఆకారం మారుతుంది. డెమ్మీ కాగితపు నిష్పత్తి 1.286. ఒక మడతకు 1.556 అవుతుంది, రెండో మడతకు మళ్ళీ 1.286, మూడో మడతకు మళ్ళీ 1.556. అందువల్ల రెండు మడతల పుట వెడల్పుగా ఉండి నిఘంటువులకు, పటాలకు పనికివస్తుంది. మూడు మడతల పుట సన్నగా, పొడవుగా ఉండి చేతిలో పట్టుకు చదివే పుస్తకానికి అమరుతుంది. ఏ5 ఈ రెండిటికీ మధ్యస్థం. డెమ్మీ 1/8 కంటే ఎనిమిది మిల్లీమీటర్లు వెడల్పు, ఆరు మిల్లీమీటర్లు పొట్టి.

ఎనిమిది మిల్లీమీటర్లకు ఇంత రాద్ధాంతమా అని కొందరు అడగవచ్చు. వచనానికైతే పట్టింపు లేదు. పద్యానికి ఉంది. చంపకమాల పాదానికి ఇరవైయొక్క అక్షరాలు, మహాస్రగ్ధరకు ఇరవైరెండు. సంయుక్తాక్షరాలు దట్టంగా పడితే ఆ పాదం నాలుగు అంగుళాల వెడల్పులో ఇమిడీ ఇమడకుండా ఉంటుంది. పుట కొంచెం కుదించుకుంటే చివరి రెండు అక్షరాలు కిందికి జారి, నాలుగు పాదాల పద్యం కంటికి ఎనిమిది ముక్కలుగా కనిపిస్తుంది. యతి ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. డెమ్మీకి కూర్చిన పద్యకావ్యాన్ని క్రౌను సైజులో పునర్ముద్రించినచోట ఈ అవస్థ మీరు చూసే ఉంటారు.

*

మూడో చరిత్ర అమెరికాది, మన కళ్ళముందు జరిగినది. పుటను వర్ణించే పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషను అడోబీ సంస్థ 1984లో వెలువరించింది. 1985లో ఆ భాష తెలిసిన లేజర్‌రైటరును ఆపిల్ తెచ్చింది. అదే ఏడాది ఆల్డస్ సంస్థ మెకింటాష్ కోసం పేజ్‌మేకరును విడుదల చేసింది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అన్న మాటను సృష్టించినది ఆల్డస్ స్థాపకుడు పాల్ బ్రైనెర్డ్. మన వీధుల్లో బోర్డులమీద వెలసిన "డిటిపి" అన్న మూడక్షరాలకు మూలపురుషుడు ఆయనే.

ఇక్కడ ఒక విచిత్రం. ఆ సంస్థకు పేరిచ్చిన ఆల్డస్ మనూషియస్ వెనిసు నగరపు ముద్రాపకుడు. 1501లో వర్జిల్ కావ్యాలను మూడు మడతల చిన్న పుటమీద, వాలు అక్షరాలతో అచ్చువేసి, బల్లమీద పరచి చదివే గ్రంథాన్ని చేతిలోకి తెచ్చిన మనిషి. అంటే 1/8 పుటను సాహిత్యానికి వాహనం చేసిన పుణ్యాత్ముడు. ఆయన పేరు పెట్టుకున్న సంస్థవారి పేజ్‌మేకరులో మన డెమ్మీ 1/8 కోసం కస్టమ్ గడిలోకి పోవలసి రావడం చరిత్ర ఆడిన వేళాకోళం.

పోస్ట్‌స్క్రిప్ట్‌కు కొలబద్ద అంగుళంలో 72వ వంతు. దాన్ని పాయింటు అన్నారు. అమెరికా లెటరు కాగితం అందులో సరిగ్గా 612 × 792. ఏ4 మాత్రం 595.28 × 841.89, దాన్ని 595 × 842గా సవరించుకుంటారు. ఆ భాష ఏ దేశపు అంగుళాల్లో పుట్టిందో ఈ అంకెలే చెబుతాయి. మన డెమ్మీ 1/8 ఆ కొలబద్దలో 396 × 612, శేషం లేని అంకెలు. ఎందుకంటే అమెరికా లెటరు కాగితం 8.5 × 11 అంగుళాలు; సగానికి మడిస్తే 5.5 × 8.5. మన పుస్తకమే! ఇన్‌డిజైను పట్టికలో "లెటర్ హాఫ్" అని ఉండేది ఇదే. డెమ్మీ అన్న పేరు వెతికితే దొరకదు గాని, మారుపేరుతో మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడు.

*

ఇక తిప్పల సంగతి. నాకు తెలిసిన ఒక పెద్దాయన తమ తండ్రిగారి శతకాన్ని అచ్చువేసి బంధువులకు పంచాలనుకున్నారు. నూట ఎనిమిది పద్యాలు, పుటకు మూడు చొప్పున ముప్పైయారు పుటలు, ముందుమాటలకు నాలుగు, మొత్తం నలభై. పాత ప్రతి డెమ్మీ 1/8లో ఉంది గనుక కూర్పు నేను అదే కొలతలో చేశాను. ఇరవై ప్రతులే గనుక ఆఫ్‌సెట్‌కు పోకుండా, దగ్గరలో ఉన్న ఒక దుకాణంలో లేజరు యంత్రంమీద, మధ్యలో పిన్నులు కొట్టే పద్ధతిలో వేయించాం. వచ్చిన పుస్తకం చూసి పెద్దాయన "నాన్నగారి పద్యాలు భూతద్దం పెట్టి చదవాలిరా" అన్నారు.

లెక్క చూడండి. రెండు డెమ్మీ పుటలు పక్కపక్కన పెడితే 11 × 8.5 అంగుళాలు, అంటే 279.4 × 215.9 మిల్లీమీటర్లు. దుకాణంలో పెట్టిన కాగితం అడ్డంగా తిప్పిన ఏ4; 297 × 210. వెడల్పులో పద్దెనిమిది మిల్లీమీటర్లు మిగులు, ఎత్తులో ఆరు మిల్లీమీటర్లు తక్కువ. పైగా చాలా లేజరు యంత్రాలు అంచున నాలుగు మిల్లీమీటర్ల మేర అచ్చువేయవు. ఇక మిగిలిన ఎత్తు 202. యంత్రం "కాగితానికి సరిపెట్టు" అన్న ఆజ్ఞమీద పుటనంతా నూటికి తొంభైమూడున్నర వంతుకు కుదించింది. 12 పాయింట్ల అక్షరం 11.2 అయింది. ఇంగ్లీషుకైతే పెద్ద తేడా తెలియదు. మన అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి, పక్కన దీర్ఘం. "క్ష్మ" వంటిచోట లోపలి ఖాళీలు ముందు పూడుకుపోతాయి. కుదించకుండా నూటికి నూరూ వేయిస్తే పైనా కిందా ఏడేసి మిల్లీమీటర్లు తెగి, పుటసంఖ్య సగమే మిగిలేది.

పరిష్కారం చరిత్రలోనే ఉంది. డెమ్మీ పుట ఏ4 సంతానం కాదు, దాన్ని ఏ4మీద మడవకూడదు. ఎనిమిదిన్నర అంగుళాల వంశంలోని కాగితం కావాలి. 8.5 × 14 అంగుళాల లీగలు కాగితం తెప్పించి, కుదింపు తీసివేసి, మధ్యకు చేర్చి వేయించాం. ఎత్తు సరిగ్గా సరిపోయింది. యంత్రం వదిలేసే నాలుగు మిల్లీమీటర్లు ఎలాగూ మార్జిన్లో ఖాళీగానే ఉన్నాయి. పక్కల ఒకటిన్నర అంగుళం చొప్పున మిగిలినదాన్ని కత్తి కోసేసింది. ఏ3 అయినా చాలు, నాలుగువైపులా కోత గుర్తులతో సహా ఇముడుతుంది.

ఇలాంటి పని తలపెట్టినవారికోసం నేను గమనించిన సంగతులు కొన్ని చెబుతాను.

మొదటిది, పుట వేరు, కాగితం వేరు. అచ్చాఫీసు మేస్త్రీకి ఇది ఉగ్గుపాలతో వచ్చిన జ్ఞానం. కంప్యూటరులో మాత్రం రెండిటినీ రెండు వేరువేరు చోట్ల "సైజు" అనే ఒకే పేరుతో అడుగుతారు. ఫైలులో 5.5 × 8.5 అని చెప్పినంతమాత్రాన ప్రింటరుకు 11 × 8.5 కాగితం గురించి తెలియదు. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరు అయితే తనకు తెలిసిన కొలతలన్నీ పీపీడీ అనే వివరపత్రంలో రాసుకుని ఉంటుంది. అందులో కస్టమ్‌కు అనుమతి లేకపోతే ఎంత కొట్టినా అది తనకు తెలిసిన కొలతకే పోతుంది. విండోసులో ప్రింట్ సర్వర్ ప్రాపర్టీసులో కొత్త "ఫారం" ఒకటి పేరుపెట్టి నిర్వచించవచ్చు. పాత ముద్రాపకుల మాటే అక్కడా తారసపడడం నాకు ముచ్చటగా తోచింది.

రెండోది, అలా నిర్వచించేటప్పుడు చిన్న కొలతను వెడల్పుగా, పెద్దదాన్ని ఎత్తుగా ఇవ్వాలి. అడ్డంగా తిప్పడం సాఫ్టువేరుకు వదలాలి. ఇద్దరూ తిప్పితే పుట మొదటికొచ్చి, సగం కాగితం బయట పడుతుంది.

మూడోది, రెండువైపులా వేసేటప్పుడు పొట్టి అంచుమీద తిరగేయమని చెప్పాలి. పొడుగు అంచుమీద తిరగేస్తే వెనుకవైపు తలకిందులవుతుంది.

నాలుగోది, పుటల జత. నలభై పుటల పుస్తకంలో ఒకే ముఖంమీద పడే రెండు పుటల అంకెలూ కూడితే ఎప్పుడూ నలభైయొకటి రావాలి: నలభై పక్కన ఒకటి, రెండు పక్కన ముప్పైతొమ్మిది. పేజ్‌మేకరులోని బిల్డ్ బుక్‌లెట్ అయినా, ఇన్‌డిజైనులోని ప్రింట్ బుక్‌లెట్ అయినా చేసేది ఇదే. పుట లెక్క నాలుగుతో భాగించబడకపోతే ఖాళీ పుటలు ఎక్కడ వేస్తుందో ముందే చూసుకోవాలి. నాలుగు తెల్లకాగితాలు మడిచి, అంకెలు వేసి, చేతిలో ఒక "డమ్మీ" పెట్టుకోవడానికి మించిన ఉపాయం ఇంతవరకు ఏ సాఫ్టువేరూ కనిపెట్టలేదు.

ఐదోది, మందం. పది కాగితాలు ఒకదానిలో ఒకటి దూర్చి మడిస్తే లోపలి కాగితం బయటికి పొడుచుకువస్తుంది. కాగితం మందం పదో వంతు మిల్లీమీటరు అనుకుంటే, పది కాగితాలకు దాదాపు ఒక మిల్లీమీటరు. కోతలో అది నడుమ పుటల మార్జినును తింటుంది. ముందువైపు మార్జిను ఆ మేరకు ఉదారంగా వదలాలి.

*

కొలత బతికినంత సులభంగా అక్షరాలు బతకలేదన్నది ఈ కథలో విషాదం. పేజ్‌మేకరును అడోబీ 1994లో ఆల్డస్‌తోపాటు సొంతం చేసుకుంది. 2001లో వచ్చిన 7.0తో దాని వంశం ముగిసింది. తెలుగు యూనికోడు దానికి చివరిదాకా రాలేదు. అను వంటి ఖతులతో, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పేర్చి మనవాళ్ళు వేలాది పుస్తకాలు కూర్చారు. ఆ ఫైళ్ళను నేడు తెరిస్తే, తెరవగలిగితే, 5.5 × 8.5 పుట భద్రంగానే ఉంటుంది. ఖతి లేకపోతే అందులోని పద్యం అర్థంలేని గుర్తుల కుప్ప. ఇన్‌డిజైను 2012 నాటి సీఎస్6తో మన లిపులను అధికారికంగా పట్టించుకుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల స్క్రైబస్ 2024లో వచ్చిన 1.6తో స్థిరమైన విడుదలలోనే తెలుగు ఒత్తులను సరిగా పేర్చగలుగుతోంది. అందుచేత ఇప్పుడు కూర్చేవారు యూనికోడులో కూర్చి, యూనికోడు పాఠాన్ని విడిగా భద్రపరచి, అచ్చుకు పీడీఎఫ్ ఇవ్వడం మేలు. పీడీఎఫ్‌లో కాగితపు హద్దును, కోత హద్దును వేరువేరుగా నమోదు చేయవచ్చు. మేస్త్రీకి తెలిసిన తేడాను యంత్రానికి చెప్పే సదుపాయం చివరికి అక్కడ దొరికింది.

డెమ్మీనే పట్టుకు వేలాడమని నేననను. కొత్తగా వచనం రాసి, ఇంట్లో ఏ4మీద వేసి, నలుగురికి పంచదలచుకుంటే ఏ5 ఎంచుకోండి. మడతకు మడత సరిపోతుంది, రూకకు రూక మిగులుతుంది. పాత పద్యాన్ని మళ్ళీ అచ్చువేసేటప్పుడు మాత్రం మొదటి అక్షరం కొట్టకముందే పాత ప్రతిని స్కేలుతో కొలవండి. ఆ కవి, ఆనాటి కూర్పరి, పద్యపాదం విరగకుండా ఎంత వెడల్పు చాలునని తలచారో ఆ కొలతలో ఉంది. పెద్దాయన శతకం రెండోసారి వచ్చినప్పుడు నూట ఎనిమిది పద్యాల్లో ఒక్క పాదమూ విరగలేదు. ఆయన భూతద్దం అడగలేదు.

మీ ఇంట ఉన్న పాత తెలుగు పుస్తకాలను ఒకసారి కొలిచి చూడండి. డెమ్మీ, క్రౌను, రాయల్ కాక వేరే కొలత ఏదైనా తగిలితే, ముద్రణ స్థలం, సంవత్సరంతో సహా తెలియజేయండి. కొలతల పట్టిక ఒకటి తయారు చేద్దాం.